వేపకషాయం వదిన

ఆడపడుచు అర్ధమొగుడని సామెత. ఆ లెక్కన మన కథలోని మరదలికి ఒకటిన్నర మొగుళ్ళు. అసలు మొగుడికి నోరు ఆగదు, అర మొగుడికి చెయ్యి ఆగదు. ఆ నోటికీ ఈ చేతికీ మధ్య ఆమె కాపురం నెట్టుకొస్తోంది. అలాగని కష్టపడుతోందనుకుంటే పొరపాటే. వదినంటే ఆమెకి ప్రాణం. చెబితే లోకం నమ్మదు. వదినా మరదళ్ళు జుట్టూ జుట్టూ పట్టుకుంటే చూడాలని లోకానికి అదొక సరదా.

మొగుణ్ణి ఊళ్ళో అందరూ టముకు అంటారు. ఆయన చెవిన పడ్డ మాట చీకటి పడేలోగా నాలుగు వీధులూ తిరిగి మళ్ళీ ఇంటికే వస్తుంది. నోట్లో నువ్వుగింజ నానదు. మనసు మాత్రం వెన్నపూస. ఇంటి వెనక తలుపు తీస్తే రేకుల షెడ్డు, అందులో కోకో గింజలు పులియబెట్టే చెక్కపెట్టెలు, షెడ్డు దాటితే కోకో తోట. కూతురు హాస్టల్లో చదువుకుంటోంది. ఇంట్లో మిగిలింది వీళ్ళు ముగ్గురే.

వదిన ఈ ఇంటికొచ్చి ఏడాది దాటింది. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. తమ్ముడు వెళ్ళి వెంటబెట్టుకొచ్చాడు. చేతిలో ఒక సంచీ. గడప లోపల అడుగుపెట్టకముందే ఆమె ఒక మాట చెప్పేసింది.

"ఒరే, ఊరికే కూర్చుని తినడం నా వల్ల కాదు. పని ఉన్నన్నాళ్ళు ఉంటా. లేని రోజు నా దారిన నేను పోతా."

ఆ దారి ఎటని ఎవరూ అడగలేదు. ఎటూ లేదని ముగ్గురికీ తెలుసు. మరదలు మాత్రం ఆ మాటని మర్చిపోలేదు. ఈ ఇంట్లో పని తరిగిపోకూడదని ఆ రోజే మనసులో అనుకుంది. పని తరగాలని మొక్కుకునే ఆడవాళ్ళనే చూశాం గానీ, ఇలాంటి కోరిక ఎవరికీ ఉండదు.

అదృష్టమో దురదృష్టమో, పని తనంతట తనే వచ్చిపడింది. ఆ ఏడు కాయల రసం పీల్చే పురుగు తోట మీద పడింది. కాయ నిండా నల్లమచ్చలు, లేత చిగుళ్ళు మాడిపోవడం. టముకు కొట్టు నుంచి మందు తెచ్చి, ముక్కుకి గుడ్డ కూడా కట్టుకోకుండా తోటంతా కొట్టాడు. ఇంటికొచ్చి వాంతులు చేసుకుని, కళ్ళు చింతనిప్పులై మంచాన పడ్డాడు. నోరు పెగలని టముకుని వదిలి మరదలు మంచం పక్కనుంచి కదల్లేదు. ఆయన లేచి తిరగడం మొదలుపెట్టాక ఆమె మందు డబ్బా తీసుకెళ్ళి బయట పెట్టింది.

"ఇంకోసారి ఇది గడప తొక్కితే నేను తొక్కను," అంది.

అప్పుడు వదిన మెల్లిగా అందుకుంది. "మా ఆయన కూరగాయల మడులకి వేపకషాయమే కొట్టేవాడు. నాకొచ్చు. నేను చేస్తా."

ఎండిన వేపగింజలు రోట్లో దంచింది. పలచటి గుడ్డలో మూటకట్టి నీళ్ళలో రాత్రంతా నానేసింది. మర్నాడు మూటని పిండీ పిండీ పాలలాంటి నీళ్ళు తీసి, వడగట్టి, ఆకుకి అంటుకోవడానికి కాస్త సబ్బునీళ్ళు కలిపింది. ఎండకి వేప సత్తువ పోతుందని సాయంత్రం దాకా ఆగి అప్పుడు కొట్టించింది. మర్నాడు పొద్దున్నే టముకు తోటలోకి వెళ్ళి చూసొచ్చాడు.

"అక్కా, ఒక్కటీ చావలేదు. నన్ను చూసి నవ్వుతున్నట్టున్నాయి."

"వేప చంపదురా. తిండి మీద విరక్తి పుట్టిస్తుంది. ఓపిక పట్టు."

ఓపిక ఫలించింది. తిండి సయించక పురుగు పలచబడింది, కొత్త కాయలు మచ్చ లేకుండా నిగనిగలాడుతూ దిగాయి. ఇక టముకు ఊరుకుంటాడా? ఊరంతా చాటాడు. తోటలున్న వాళ్ళందరూ వచ్చి చూసి, రుచి కూడా చూసి, మొహాలు వికారంగా పెట్టి వెళ్ళారు. అప్పట్నుంచి ఆమె ఊరందరికీ వేపకషాయం వదిన అయిపోయింది. ఆ పిలుపు విన్నప్పుడల్లా ఆమె కొంగు సర్దుకుని మరింత గట్టిగా దంచేది. ఇక ఈ మనిషి ఎక్కడికీ పోదని మరదలు ధైర్యంగా ఊపిరి పీల్చుకుంది.

ఈ ఏడు పూత విరగబూసింది. కోకో పువ్వు కొమ్మ చివర పూయదు, మాను మీదే పూస్తుంది. చిటికెన వేలి గోరంత తెల్లటి పువ్వు, అక్కడక్కడ గులాబీ జీర. మానుకి మాను నిండిపోయింది. కానీ పిందె లేదు. పొద్దున విచ్చుకున్న పువ్వు మర్నాటికి రాలిపోతోంది. రోజూ అదే వరస. పోయినేడు ఇదే సమయానికి వేలెడేసి పిందెలు వరసకట్టిన మాన్లు, ఈసారి గొడ్డుపోయినట్టు నిలబడ్డాయి.

టముకు ఎరువన్నాడు, నీళ్ళన్నాడు, ఎవరి కన్నో పడిందన్నాడు. మరదలికి నిద్ర పట్టడం మానేసింది. అలా ఒకరోజు తెల్లారకుండానే మెలకువ వచ్చి, వెనక తలుపు తీసి చూస్తే పొగమంచులో వదిన. వీపున పంపు, చేతిలో గొట్టం. ఒక్కో మాను దగ్గరా ఆగి, పూత మీద, ఆకు మీద, అడుగు నుంచి పై దాకా కషాయం కొడుతోంది, పసిపిల్లకి స్నానం చేయించినంత శ్రద్ధగా.

"ఇదేంటి వదినా, మొన్న సాయంత్రమే కదా కొట్టింది?"

వదిన దొంగలా దొరికిపోయి నవ్వింది. "మీ లెక్క ప్రకారం కొట్టేది మీది. ఇది నా తృప్తికి. రోజూ కొడుతున్నాలే. పురుగు ఈ తోట వంక కన్నెత్తి కూడా చూడకూడదు. వేపగింజల రసమే కదా పిల్లా, ఏం చేస్తుంది?"

పంపు దించి, గోడకి ఆనించిన పొడుగు చీపురు అందుకుంది. ఇది మాత్రం అందరూ ఎరిగిందే. వదిన తోటని వాకిలి ఊడ్చినట్టు ఊడుస్తుంది. రాలిన ఆకు ఒక్కటి ఉండనివ్వదు. కాయలు కొట్టాక మిగిలే తొక్కలన్నీ బుట్టలకెత్తి దూరంగా గోతిలో పోసొస్తుంది. వచ్చిన వాళ్ళంతా ఆ నేలని చూసి ముక్కు మీద వేలేసుకునేవాళ్ళు. తోటని ఇంత శుభ్రంగా ఉంచే ఇల్లాలు ఎక్కడా ఉండదని మెచ్చుకునేవాళ్ళు. మరదలు కూడా మెచ్చుకుంది. ఇప్పుడు మాత్రం ఎందుకో ఆ నున్నటి నేల చూస్తే ఆమెకి మనసు కీడు శంకించింది.

ఆ పొద్దున్నే రాలిన పువ్వులు గుప్పెడు కొంగున కట్టుకుని, కోకో మొక్కలు అమ్మిన పెద్దాయన దగ్గరికి వెళ్ళింది. ఆయన నల్లసంచుల్లో నారుకి నీళ్ళు పెడుతున్నాడు. పువ్వుల్ని అరచేతిలో పోసుకుని చూశాడు.

"మందేమైనా కొడుతున్నారా?"

"మందు కాదు బాబాయ్, వేపకషాయం. పదిహేను రోజులకోసారి సాయంత్రం." కాస్త ఆగింది. "రోజూ తెల్లారగట్ల కూడా."

"నేల ఎలా ఉంటుంది?"

"అద్దంలా ఉంటుంది. అన్నం పెట్టుకు తినొచ్చు."

పెద్దాయన గొట్టం కింద పడేసి నెత్తి కొట్టుకున్నాడు. "అదేనమ్మా జబ్బు. కోకో పువ్వుకి తేనెటీగ పనికిరాదు, గాలి పనికిరాదు. నలుసంత దోమ ఒకటుంటుంది, కంటికి సరిగా ఆనదు కూడా. తెల్లారి పువ్వు విచ్చుకునే వేళకి అదొచ్చి ఈ చెట్టు పుప్పొడి ఆ చెట్టుకి మోస్తేనే పిందె. ఆ దోమ పుట్టి పెరిగేది కుళ్ళిన ఆకుల్లో, కాయ తొక్కల్లో. మీరు దాని ఇల్లు ఊడ్చేశారు. మిగిలిన నాలుగిటి మీదా పొద్దున్నే చేదునీళ్ళు కొట్టారు. మంచి పురుగేదో చెడ్డ పురుగేదో వేపకేం తెలుసు?"

"మరి ఇప్పుడేం చెయ్యాలి?"

"ఏమీ చెయ్యకూడదు. అదే వైద్యం. రాలిన ఆకుని రాలినచోటే ఉండనివ్వండి. తొక్కలు చెట్ల కింద పడెయ్యండి. కషాయం పురుగు కనబడిన చెట్టుకే, అదీ సాయంత్రమే, పూతకి తగలకుండా. ఈ పూత పోయినట్టే. వచ్చే పూతకి దోమ తిరిగొస్తుంది."

మరదలు ఇంటిదారి పట్టింది. ఆమెకి పంట గురించి దిగులు లేదు. ఒక పూత పోతే ఇంకో పూత వస్తుంది. ఏమీ చెయ్యకూడదు అన్న మాటే చెవిలో జోరీగలా తిరుగుతోంది. చెట్టుకి అది వైద్యమే, వదినకి మాత్రం వెళ్ళిపొమ్మని చెప్పడమే. పైగా పంట పోయింది తన చేతుల మీదుగానే అని తెలిస్తే ఆ మనిషి ఒక్క పూట ఆగదు. తెలియకుండా తోట బాగుపడాలి. మొగుడి చెవిన వెయ్యడమంటే వదినకి చెప్పినట్టే కాబట్టి ఆయనకీ చెప్పకూడదు. ఒక్కతే ఈ కథ నడపాలి.

ముందు పంపు ముక్కు విప్పి కందిపప్పు డబ్బాలో దాచింది. మర్నాడు తెల్లారగట్ల లేచి చూస్తే, వదిన బకెట్లో కషాయం పెట్టుకుని, ఆకుల రెమ్మ ముంచి పూత మీద చిలకరిస్తోంది. "పంపు ముక్కు ఎలకెత్తుకుపోయినట్టుంది పిల్లా. పని ఆగుతుందా?" అంది సంతోషంగా. ఆ మధ్యాహ్నం వదిన కునుకు తీస్తుండగా మరదలు గోతిలోంచి కుళ్ళిన తొక్కలు బుట్టలకెత్తి చెట్ల కింద పోసింది. సాయంత్రానికి వదిన అవన్నీ ఊడ్చి మళ్ళీ గోతిలో పోసొచ్చింది. ఎవరో పోకిరి వెధవలు తోటలో చెత్త పోశారని వీధి గుమ్మంలో నిలబడి తిట్టింది కూడా. ఆ తిట్లన్నీ మరదలు తలొంచుకుని వింది. నవ్వాలో ఏడవాలో తెలియక వంటింట్లోకి వెళ్ళి రెండూ చేసింది.

ఇలా ఎన్నాళ్ళు సాగేదో గానీ, మర్నాడు పొద్దున టముకు తనదైన తెలివి బయటపెట్టాడు. "అక్కా, పూత నిలవట్లేదంటే కనబడని పురుగేదో ఉన్నట్టే. కషాయం రెట్టింపు చేద్దాం."

వదిన మొహం వెలిగిపోయింది. వెంటనే రోలు కడగడానికి లేచింది. ఇక తప్పక మరదలు మొగుణ్ణి షెడ్డులోకి లాక్కెళ్ళి, పులిసిన గింజల వాసనలో నిలబెట్టి, ఉన్నదంతా చెప్పి, బిడ్డ మీద ఒట్టు వేయించుకుంది. ఆయన బిక్కచచ్చి తలూపాడు.

మధ్యాహ్నం భోజనాల దాకా ఒట్టు నిలిచింది. అది కూడా గొప్పే. కానీ టముకు మాట్లాడకుండా అన్నం తింటుంటే, అంతకంటే పెద్ద దండోరా ఏముంటుంది? బుగ్గలు బిగించి, పళ్ళెంలోంచి తలెత్తకుండా గబగబా ముద్దలు మింగుతున్నాడు.

"ఏరా, పన్ను నొప్పా?" అంది వదిన.

"పన్ను కాదక్కా, దోమ."

అంతే, కట్ట తెగింది. దోమ, పుప్పొడి, కుళ్ళిన ఆకులు, తెల్లారగట్ల కషాయం, మొక్కల పెద్దాయన నెత్తి కొట్టుకోవడం, అన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చేశాయి. నీ తప్పేం లేదక్కా అని మధ్యమధ్యలో అంటూనే ఉన్నాడు. అన్న ప్రతిసారీ తప్పు ఇంకాస్త పెద్దదైంది. మరదలు ఆయన వంక చూసిన చూపుకి ఆయన ముద్ద అక్కడే ఆగిపోయింది.

వదిన చెయ్యి కడుక్కుంది. పళ్ళెం కడిగి బోర్లించింది. "అయితే పిందె నిలవకపోవడం నా వల్లేనన్నమాట," అంది. గొంతులో కోపం లేదు, ఏడుపు లేదు. లేచి గదిలోకి వెళ్ళిపోయింది.

మరదలు వెనకే వెళ్ళింది. నులక మంచం మీద సంచీ నోరు తెరిచి ఉంది. వదిన చీరల్ని ఒక్కొక్కటే మడతపెట్టి అందులో సర్దుతోంది.

"ఎక్కడికి వదినా?"

"ఎక్కడికో అక్కడికి. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళని చూశాను. నేను ఏకంగా వాసాలే పీకేశాను."

"పంటదేముంది, వచ్చే పూతకి వస్తుంది."

"వస్తుంది, నేనేమీ చెయ్యకపోతే. మరి ఏమీ చెయ్యకపోతే నేనిక్కడెందుకు?"

ఇన్నాళ్ళూ ఈ మాటకి జవాబు వెతుక్కుంటూనే ఉంది మరదలు. ఇప్పుడు జవాబుకి బదులు కోపమొచ్చింది. ఆమెకి కోపం రావడం చాలా అరుదు, వస్తే మాత్రం కళ్ళమ్మట నీళ్ళతోనే వస్తుంది.

"మీరు మా ఇంట్లో ఉండట్లేదు వదినా, అద్దెకుంటున్నారు. మేం లేవకముందే ఏ రోజు అద్దె ఆ రోజు కట్టేస్తున్నారు. నేనెప్పుడైనా అడిగానా? మీ తమ్ముడు అడిగాడా? కషాయం కోసం మిమ్మల్ని తెచ్చుకున్నామనుకున్నారా? మీ తమ్ముడి మాట ఊరంతా వింటుంది, నా మాట వినేదెవరు? పిల్ల హాస్టల్లో ఉంది. మీరొస్తే ఇంట్లో ఒక మనిషి ఉంటుందని సంబరపడ్డాను. మీతో నాలుగు మాటలు చెప్పుకుందామని వస్తే మీ చేతిలో చీపురుంటుంది, కాకపోతే రోకలి, కాకపోతే పంపు. ఎప్పుడు మీ పని అయిపోతుందా, ఎప్పుడు నా పక్కన కూర్చుంటారా అని ఏడాది నుంచి చూస్తున్నా. ఇవాళ అయిపోయింది. అయిపోయిన రోజే వెళ్ళిపోతానంటున్నారు."

వదిన చేతిలో చీర మడత సగంలో ఆగింది. తర్వాత మంచం అంచున కూర్చుని, ఎవరికో చెబుతున్నట్టు చెప్పింది.

"ఆయన పోయాక మా మరిది ఇంట్లో నెలున్నాను. ఒకరోజు జ్వరమొచ్చి లేవలేకపోయా. పడుకున్నవాళ్ళకి కూడా పళ్ళెం పెట్టాలా అని వంటింట్లోంచి వినబడింది. ఎవరన్నారో చూడలేదు. చూడాలనిపించలేదు. అప్పట్నుంచి వెలుగొచ్చాక మంచం మీద ఉండాలంటే భయం పిల్లా. ఒళ్ళు నొప్పిగా ఉన్నా సరే లేచేస్తా."

మరదలు పక్కన కూర్చుంది. ఏం చెప్పాలో ఆలోచించలేదు, నోటికొచ్చింది చెప్పేసింది.

"ఆ మాటొచ్చింది మా వంటింట్లోంచి కాదు వదినా."

వదిన అప్పుడు ఏడ్చింది. మొగుడు పోయినప్పుడు కూడా అలా ఏడవలేదని తర్వాత తమ్ముడు అన్నాడు. ఆయన గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు, ఎంగిలి చెయ్యి అలాగే ఎండిపోయి ఉంది.

"అక్కా, ఇకనుంచి నోరు మూసుకుంటా," అన్నాడు.

"నీ నోరు మూతపడ్డ రోజు నా చెయ్యి ఆగుతుందిలేరా," అంది వదిన ముక్కు తుడుచుకుంటూ. ముగ్గురూ నవ్వారు. చీరలు ఎవరు తీశారో, ఎప్పుడు తీశారో గానీ సంచీ ఖాళీ అయింది.

ఆ సాయంత్రం గోతిలోని తొక్కలన్నీ మళ్ళీ చెట్ల కిందకి చేరాయి. మోసింది టముకు. వదినని షెడ్డు ముందు ముక్కాలిపీట మీద కూర్చోబెట్టి, మరదలు పక్కన కూర్చుంది. నేల మీద ఆకు రాలినప్పుడల్లా వదిన వేళ్ళు కదలడం, మరదలు ఆ వేళ్ళు పట్టుకోవడం. "పెంటపోగు మధ్య కూర్చున్నట్టుందే," అని సణుగుతూనే ఆమె చాలా కబుర్లు చెప్పింది. మరదలు అంతకంటే ఎక్కువ చెప్పింది. ఏడాది బాకీ మరి.

మర్నాడు మరదలికి తెల్లవారుజామున మెలకువ వచ్చింది. వెనక తలుపు గడియ వేసినట్టే ఉంది. ఆ గడియ చూసి కాస్త కుదుటపడింది. తర్వాత వీధి తలుపు గుర్తొచ్చింది. పరుగున వెళ్ళి చూస్తే అదీ వేసే ఉంది. పొయ్యి వెలిగించింది, పాలు కాచింది. సూర్యుడు వచ్చాడు, ఎండ కిటికీలోంచి గదిలోకి దిగి మంచం కోడు దాకా పాకింది. అప్పటికీ లోపల అలికిడి లేదు.

టముకు కళ్ళు నులుముకుంటూ లేచొచ్చాడు. "అక్కేదీ? ఒంట్లో బాలేదా?" అన్నాడు, ఎప్పటి గొంతుతోనే.

మరదలు ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. గుమ్మం దగ్గరికి తీసుకెళ్ళి చూపించింది. వదిన వెల్లకిలా పడుకుని, ఒక చెయ్యి మంచం బయటికి వేలాడేసి, నోరు తెరిచి, దర్జాగా గురక పెడుతోంది. ఏడాదిగా ఒకే ఇంట్లో ఉంటూ మరదలు ఆ గురక వినడం అదే మొదలు.

"చిన్నప్పుడూ ఇంతే," అన్నాడు టముకు. జీవితంలో మొదటిసారి గుసగుసగా మాట్లాడాడు. "పైకప్పు లేచిపోయేది. మా అమ్మ లేపొద్దనేది."

మరదలు లోపలికి వెళ్ళి, ఎండ మొహమ్మీద పడకుండా కిటికీ తలుపు దగ్గరగా వేసి, వదిన పళ్ళెం తీసి, టిఫిను పెట్టి మూత పెట్టింది.